పేరు లేని పోస్ట్‌మార్టం: గిట్‌ల్యాబ్ 2017 డేటాబేస్ ఘటనపై కేస్ స్టడీ

సర్వర్లు పడిపోతే లేపడం, లేపాక అవి ఎందుకు పడ్డాయో కూర్చుని తేల్చడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఆన్-కాల్ టీముల్లోకి (ఏ వేళ పిలుపు వచ్చినా స్పందించే టీములు) కొత్తగా వచ్చే పిల్లలకు నేను ముందుగా చెప్పే కేసు గిట్‌ల్యాబ్‌ది, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్ నడిపే కంపెనీ అది. 2017 జనవరి 31 రాత్రి ఆ కంపెనీ ఇంజనీర్ ఒకరు పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్‌ను, అంటే యూజర్లు నిజంగా వాడుతున్న డేటాబేస్‌ను, చెరిపేశారు. బ్యాకప్‌ల గురించి పాఠం చెప్పాలనుకున్న ప్రతివాళ్లూ ఈ కేసు ఎత్తుతారు. నేను ఎత్తేది ఇంకో కారణానికి. బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో అంత లోతుదాకా తవ్వగలిగారంటే, ఆ రాత్రి, ఆ తర్వాత పది రోజుల్లో ఆ మనిషితో అతని టీమ్ నడుచుకున్న తీరే అందుకు కారణమని నా నమ్మకం. కొంచెం కఠినంగా ఉండి ఉంటే "హ్యూమన్ ఎర్రర్" అని ఒక్క ముక్క రాసి ఫైల్ మూసేసేవాళ్లు.

ముందు జరిగింది చెప్తాను. టైములన్నీ యూటీసీ, మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోండి.

సాయంత్రం 5:20 ప్రాంతంలో ఒక ఇంజనీర్ ప్రొడక్షన్ డేటాబేస్‌కు ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ మీదున్న డేటాకు నకలు) తీశాడు. గిట్‌ల్యాబ్ రిపోర్టులో అతను "టీమ్ మెంబర్ 1" అని మాత్రమే కనిపిస్తాడు, నేనూ అలాగే పిలుస్తాను. డేటాబేస్ మీద పడుతున్న లోడ్‌ను పంచడానికి పీజీపూల్ అనే టూల్ పనికొస్తుందేమో స్టేజింగ్‌లో (పరీక్షలకు వాడే సిస్టమ్‌లో) చూద్దామని అతని ప్రయత్నం. ఆ పరీక్షకు తాజా డేటా కావాలి, అందుకే స్నాప్‌షాట్. తన పని తను జాగ్రత్తగా చేసుకునే ఇంజనీర్ చేసే పని అది.

7 గంటల నుంచి డేటాబేస్ మీద లోడ్ అమాంతం పెరిగింది. స్పామర్ల పని అనుకుని వాళ్లను ఆపుతూ కూర్చున్నారు. ఇంకో కారణం కూడా ఉందని తర్వాత తేలింది. ఎవరో ఆకతాయి అబ్యూస్ రిపోర్ట్ పెడితే, గిట్‌ల్యాబ్ ఉద్యోగి ఒకరి అకౌంట్‌నే డేటాతో సహా తొలగించే జాబ్ వెనకాల నడుస్తోంది. 11 గంటలకల్లా, ప్రైమరీ అనే అసలు డేటాబేస్‌కు నకలుగా ఉండే సెకండరీ డేటాబేస్ బాగా వెనకబడిపోయి రెప్లికేషన్, అంటే ఆ నకలు పని, ఆగింది. సెకండరీకి కావాల్సిన వాల్ ఫైళ్లను (మార్పులన్నీ రాసుండే లాగ్‌లను) ప్రైమరీ అప్పటికే తీసేసింది, వాటిని వేరేచోట దాచే ఏర్పాటు లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి: సెకండరీలో డేటా డైరెక్టరీ ఖాళీ చేసి, పీజీ బేస్‌బ్యాకప్ అనే కమాండ్‌తో ప్రైమరీ నుంచి మొత్తం మళ్లీ తెచ్చుకోవడం.

ఆ కమాండ్ మొరాయించింది. మ్యాక్స్ వాల్ సెండర్స్ అనే సెట్టింగ్ చాలదంది. పెంచారు. ఆ మార్పు కోసం ప్రైమరీని రీస్టార్ట్ చేస్తే, సెమాఫోర్లు (ప్రాసెస్‌ల మధ్య వంతులు చూసే సిస్టమ్ వనరులు) మరీ ఎక్కువ తెరుస్తున్నానని పోస్ట్‌గ్రెస్ అనే ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లేవనంది. మ్యాక్స్ కనెక్షన్స్ 8000 అని పెట్టి ఉంది, దాన్ని 2000కి తగ్గించాక లేచింది. మళ్లీ పీజీ బేస్‌బ్యాకప్ నడిపారు. ఈసారి ఎర్రర్ లేదు, ఔట్‌పుట్ లేదు, స్క్రీన్ మీద ఏమీ లేదు. నిజానికి అది పాడైపోలేదు. ప్రైమరీ డేటా పంపడం మొదలుపెట్టేదాకా ఒక్క అక్షరం కూడా చూపించకుండా ఎదురుచూడటం దాని పద్ధతి. ఆ సంగతి తెలిసిన ఇంజనీర్ ఆ సమయంలో లేరు. రన్‌బుక్‌లో (ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసుంచే పత్రంలో) లేదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనూ స్పష్టంగా లేదు.

టీమ్ మెంబర్ 1 అప్పటికే లాగాఫ్ అవుతానని చెప్పి ఉన్నాడు. అతని ఊళ్లో రాత్రి 11 ప్రాంతం. రెప్లికేషన్ గొడవ ఒక్కసారిగా రావడంతో ఆగిపోయాడు. ఇక్కడ విసుగు మొదలైందని కంపెనీ తన నోట్స్‌లోనే రాసుకుంది. ఖాళీ డైరెక్టరీ అడ్డుండటం వల్లే కమాండ్ కదలడం లేదేమో అనుకుని, దాన్ని తీసేద్దామనుకున్నాడు. డీబీ2లో కొట్టాల్సిన కమాండ్‌ను డీబీ1లో కొట్టాడు. డీబీ1 ప్రైమరీ, డీబీ2 సెకండరీ. ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపేశాడు. అప్పుడు టైము 11:27. సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

బ్యాకప్‌ల కోసం వెతికారు. రోజూ డంప్ (డేటాబేస్ మొత్తానికి నకలు ఫైల్) తీసి పెట్టాల్సిన అమెజాన్ ఎస్3 స్టోరేజ్ బకెట్ ఖాళీగా ఉంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో డిస్క్ స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకు ఉన్నాయి, డేటాబేస్ సర్వర్లకు లేవు. సెకండరీని తామే అంతకుముందే ఖాళీ చేశారు. ఎల్‌వీఎం స్నాప్‌షాట్ ఆటోమేటిక్‌గా తీసేది 24 గంటలకు ఒకసారే. చివరికి చేతికి దొరికింది సాయంత్రం టీమ్ మెంబర్ 1 తన పరీక్ష కోసం తీసుకున్న స్నాప్‌షాట్. స్టేజింగ్ డిస్కులు నెమ్మదివి కావడంతో దాన్ని ప్రొడక్షన్‌కు మోయడానికి సుమారు 18 గంటలు పట్టింది. కోడ్ రిపాజిటరీలు, వికీలు భద్రం. స్నాప్‌షాట్‌కూ ప్రమాదానికీ మధ్యన చేరిన డేటా పోయింది. కంపెనీ అంచనా ప్రకారం దాదాపు 5000 ప్రాజెక్టులు, 5000 కామెంట్లు, 700 కొత్త యూజర్ అకౌంట్లు. ఇండియాలో గిట్‌ల్యాబ్ వాడేవాళ్లకు ఫిబ్రవరి 1, బుధవారం ఆఫీసు రోజంతా సైట్ లేదు.

మొదటి గంట

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడ. రికవరీ నోట్స్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. ఈరోజుకి ఇక తను సుడోతో (అడ్మిన్ అధికారంతో) ఏ కమాండూ నడపకపోవడమే మంచిదని టీమ్ మెంబర్ 1 చెప్పి, రీస్టోర్ పనిని టీమ్ మెంబర్ 2కి అప్పగించాడు. అంతే. కొత్తవాళ్లు దీన్ని చదివి దాటిపోతారు. నేను వెనక్కి తీసుకొచ్చి మళ్లీ చదివిస్తాను.

పెద్ద తప్పు జరిగిందని తెలిసిన నిమిషంలో మనిషికి ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. చెవుల్లో హోరు. అరచేతుల్లో చెమట. ఎవరూ చూడకముందే సరిచేసేయాలనే తొందర. ఆ తొందరలో కొట్టే రెండో కమాండే చాలాసార్లు మొదటిదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి కీబోర్డ్ వదిలేయడం అత్యంత సురక్షితమైన పని. కానీ వదిలేయాలంటే "నేను ఇప్పుడు సరిగా లేను" అని పైకి అనగలగాలి. అలా అన్నందుకు రేపు అప్రైజల్‌లో దెబ్బ పడదని, పదిమందిలో పరువు పోదని నమ్మకం ఉన్నచోటే ఎవరైనా అనగలరు.

మన దగ్గర బ్రిడ్జ్ కాల్ (సర్వర్ పడితే అందరూ చేరే కాన్ఫరెన్స్ కాల్) ఎలా నడుస్తుందో గుర్తుచేసుకోండి. క్లయింట్ వైపు నుంచి పదిమంది, మన వైపు నుంచి డెలివరీ మేనేజర్, అకౌంట్ మేనేజర్, ఏ సంబంధమూ లేని ఇంకొందరు. తప్పు ఎవరి చేతి మీదుగా జరిగిందో ఆ పిల్లవాడినే స్క్రీన్ షేర్ చేయమంటారు. "నువ్వే చేశావు కాబట్టి నువ్వే సరిచెయ్" అన్నది మన ఊహలో న్యాయం. ఐదు నిమిషాలకొకసారి "ఈటీఏ ఎంత, ఎప్పటికి అవుతుంది?" అని అడుగుతుంటారు. అతను టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ నలభై మంది చూస్తుంటారు. ఇంత ప్రమాదకరమైన పరిస్థితిని ఎవరైనా కావాలని డిజైన్ చేసినా ఇంతకంటే బాగా చేయలేరు. అతన్ని పక్కకు జరిపి, నీళ్లు తాగమని చెప్పి, ఇంకొకరి చేతికి కీబోర్డ్ ఇవ్వడం దయ. రీస్టోర్‌ను కాపాడే పద్ధతి కూడా అదే. రెండింటికీ తేడా లేదు కాబట్టే నేను దయను సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్‌లో కాకుండా ఇన్సిడెంట్ ప్రాసెస్‌లో రాయిస్తాను. మా పద్ధతిలో ఇప్పుడు అది ఒక స్టెప్: చివరి మార్పు చేసిన వ్యక్తి రికవరీ కమాండ్లు నడపరు, పక్కన కూర్చుని ఏం జరిగిందో చెప్తారు.

పేరు ఎక్కడికి పోయింది

ఆ రాత్రి గిట్‌ల్యాబ్ తన నోట్స్‌ను పబ్లిక్ గూగుల్ డాక్యుమెంట్‌లో పెట్టింది. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చింది, ఒక దశలో దాదాపు 5000 మంది చూశారు. ట్విటర్‌లో ఇతర కంపెనీల ఇంజనీర్లు "హగ్ఆప్స్" అనే హ్యాష్‌ట్యాగ్‌తో ధైర్యం చెప్పారు. ఆ హ్యాష్‌ట్యాగ్ అంతకుముందు నుంచే ఉంది, పోటీ కంపెనీ సర్వీస్ పడిపోయినా రాత్రంతా మేలుకున్న వాళ్ల మీద సానుభూతి చూపించడానికి ఆపరేషన్స్ వాళ్లు వాడుకునేది.

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. మొదట్లో ఆ నోట్స్‌లో ఇంజనీర్ ఇనీషియల్స్ కనిపించాయి. కంపెనీ తర్వాత వాటిని "టీమ్ మెంబర్ 1" అని మార్చింది. మార్చడం మంచి పనే, కానీ ముందే చేయాల్సింది. తెరిచి చూపించడం యూజర్ల మీద గౌరవం. వాళ్ల డేటా పోయింది, నిజం తెలుసుకునే హక్కు వాళ్లకుంది. ఆ హక్కు సిస్టమ్ గురించి తెలుసుకునేదాకానే. అర్ధరాత్రి తప్పు చేసి కుంగిపోయి ఉన్న ఒక మనిషి ఎవరో తెలుసుకునేదాకా వెళ్లదు. లైవ్ స్ట్రీమ్ విషయంలోనూ, చూపించాలా వద్దా అనేది కంపెనీ ఒక్కటే నిర్ణయించకూడదు, కెమెరా ముందు కూర్చునేవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. మనలాంటి చోట, "సర్ అడిగారు కాబట్టి సరే" అనే చోట, ఆ ఒప్పుకోలును నేను లెక్కలోకి తీసుకోను.

ఫిబ్రవరి 10న వచ్చిన పోస్ట్‌మార్టంలో, అంటే ఘటన కారణాలు తేల్చిన రిపోర్టులో, పేర్లు లేవు. ఎవరిమీదా చర్య గురించి ఒక్క మాట లేదు. డైరెక్టరీ తొలగించిన సంగతి ఉంది, దాచలేదు. అది జరిగిన కారణాల గొలుసులో ఒక లింకుగా ఉంది.

గొలుసు చివరన ఏముంది

ఇక్కడినుంచి ఆ రిపోర్ట్ అసలు విలువ మొదలవుతుంది. ఎస్3 బకెట్ ఎందుకు ఖాళీగా ఉంది? పీజీ డంప్ ఫెయిల్ అవుతోంది కాబట్టి. ఎందుకు? డేటాబేస్ నడుస్తున్నది పోస్ట్‌గ్రెస్ 9.6 మీద, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది. ఎందుకలా? బ్యాకప్ స్క్రిప్ట్ అప్లికేషన్ సర్వర్ మీద నడుస్తోంది. ఏ వెర్షన్ వాడాలో చెప్పే ఫైల్ డేటాబేస్ డైరెక్టరీలో ఉంటుంది, అప్లికేషన్ సర్వర్ మీద ఆ డైరెక్టరీ లేదు, అందువల్ల డిఫాల్ట్‌గా 9.2 తీసుకుంది. వెర్షన్ కలవకపోతే పీజీ డంప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మరి ఫెయిల్ అయినట్టు ఎవరికీ ఎందుకు తెలియలేదు? టైము ప్రకారం బ్యాకప్ నడిపే క్రాన్ జాబ్ ఫెయిల్ అయిన ప్రతిసారీ ఈమెయిల్ పంపుతూనే ఉంది. గిట్‌ల్యాబ్ మెయిళ్లకు డీమార్క్ (పంపినవారు నిజమైనవారో కాదో తేల్చే పద్ధతి) అమలు చేసేది, క్రాన్ పంపే మెయిళ్లకు అందుకు కావాల్సిన ఏర్పాటు లేదు, అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది. బ్యాకప్ తనకు బాగోలేదని చెప్తూనే ఉంది, వినే చెవి లేదు.

ఇంకో అడుగు. బ్యాకప్‌లను ఎప్పటికప్పుడు రీస్టోర్ చేసి ఎందుకు పరీక్షించలేదు? ఆ పని ఎవరిదీ కాదు కాబట్టి. ఓనర్ లేరు, అందువల్ల ఎవరికీ బాధ్యత లేదు అని కంపెనీ సూటిగా రాసుకుంది.

ఈ ఆఖరి జవాబు నిజంగా ఎంత బరువైనదో మేనేజర్లకు తెలుస్తుంది. "టీమ్ మెంబర్ 1 అజాగ్రత్త" అని రాయడం కంపెనీకి ఖర్చులేని పని. "ఈ పనికి మేం ఎవరినీ పెట్టలేదు" అని రాయడం యాజమాన్యం తన మీద వేసుకోవడం. కిందున్న మనిషి మీద నుంచి వేలు తీసేస్తే గానీ పైకి చూసే ధైర్యం రాదు. సరిదిద్దిన పనులూ ఆ గొలుసుకు తగ్గట్టే ఉన్నాయి. టెర్మినల్ ప్రాంప్ట్‌లో ప్రొడక్షన్, స్టేజింగ్ వేరువేరుగా కనిపించేలా మార్చడం, బ్యాకప్‌లు అందుతున్నాయో లేదో మానిటరింగ్ పెట్టడం, స్నాప్‌షాట్లు ఇంకా తరచుగా తీయడం, డేటా భద్రతకు ఒక ఓనర్‌ను నియమించడం. టీమ్ మెంబర్ 1ని ఉద్యోగం నుంచి తీసేసి ఉంటే వీటిలో ఒక్కటి కూడా జరగనవసరం లేదు. సమస్య తీరిపోయినట్టే అనిపించేది. పైగా ఆ టీమ్‌లో, పని మొదలుపెట్టేముందు తాజా స్నాప్‌షాట్ తీసుకునే మనిషి ఒకరు తగ్గేవాళ్లు. 24 గంటల దాకా డేటా పోవాల్సిన చోట ఆరు గంటలతో బయటపడింది ఆ స్నాప్‌షాట్ వల్లే.

అదే ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 ఉత్తర వర్జీనియాలో పడిపోయింది. ఎస్3 టీమ్ మనిషి ఒకరు మామూలుగా వాడే ప్లేబుక్ ప్రకారమే కమాండ్ ఇస్తూ ఒక ఇన్‌పుట్ తప్పు కొట్టారు, అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు తీసేయబడ్డాయి. అమెజాన్ రాసిన వివరణలోనూ ఆ మనిషి గురించి అంతకుమించి లేదు. టూల్ అంత వేగంగా అన్ని సర్వర్లు తీయనివ్వడం తప్పు అని, ఇకనుంచి నెమ్మదిగా తీసేలా, కనీస సామర్థ్యం కిందికి పోనివ్వకుండా మార్చామని ఉంది.

మన ఆర్‌సీఏలు (తప్పుకు మూలకారణం రాసే రిపోర్టులు)

సర్వీస్ కంపెనీల్లో పనిచేసినవాళ్లకు ఒక వాక్యం బాగా తెలుసు: సంబంధిత రిసోర్స్‌ను (అంటే ఆ ఉద్యోగిని) ప్రాజెక్ట్ నుంచి తప్పించాం. క్లయింట్ కోపం చల్లారడానికి అది రాస్తారు. చల్లారుతుంది కూడా. అలా తప్పించిన ఒక అబ్బాయి రివ్యూలో నేను కూర్చున్నాను. కంపెనీ పేరు అనవసరం. అర్ధరాత్రి డిస్క్ నిండిపోతోందని అలర్ట్ వస్తే, పాత లాగ్‌లు తీసేయబోయి, ఆర్డర్లు క్యూలో ఉన్న డైరెక్టరీని ఖాళీ చేశాడు. మీటింగ్‌లో ఎవరేం అడిగినా ఒకటే జవాబు: "నా తప్పే సర్." తల ఎత్తలేదు. రిపోర్ట్ దాదాపు రాసేశారు.

మీటింగ్ అయ్యాక అతన్ని కింద టీ కొట్టు దగ్గరకు తీసుకెళ్లాను. ఎందుకు చేశావని అడగలేదు. అలర్ట్ వచ్చిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద నీకు ఏమేం కనబడిందో వరసగా చెప్పు తమ్ముడూ, తొందరేం లేదు అన్నాను. కాసేపటికి నోరు విప్పాడు. "అన్నా, రన్‌బుక్‌లో ఉన్న డైరెక్టరీ పాత్‌నే కొట్టాను. మైగ్రేషన్ తర్వాత ఆ పాత్‌లో లాగ్‌లు లేవని నాకెవరూ చెప్పలేదు." అలర్ట్ ఆ వారమంతా వస్తూనే ఉంది, డిస్క్ పెంచమని టికెట్ పెట్టాడు, బడ్జెట్ అప్రూవల్ దగ్గర ఆగింది. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు, అది వినగానే నాకు ఒళ్లు జలదరించింది. అదే షిఫ్ట్‌లో ఇంకో అమ్మాయి అంతకుముందే అదే పాత్‌లో అదే కమాండ్ కొట్టబోయి ఆఖరి క్షణంలో ఆగిందట. ఎవరికీ చెప్పలేదు. చెప్తే "నువ్వెందుకు చూసుకోలేదు?" అంటారని భయం.

ఆ అమ్మాయి చెప్పి ఉంటే రన్‌బుక్ ఆ పూటే మారేది. ఆమెను తప్పుపట్టలేను. తను పనిచేస్తున్న చోటును ఆమె సరిగ్గానే అంచనా వేసింది.

విమానయానం ఇదే సమస్యను ప్రాణాలతో నేర్చుకుంది. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయానికి దిగుతూ కొండను ఢీకొంది. 92 మంది చనిపోయారు. ల్యాండింగ్‌కు ఇచ్చిన క్లియరెన్స్‌ను అర్థం చేసుకోవడంలో వచ్చిన పొరపాటు అది. కొన్ని వారాల ముందే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అక్కడే అదే పొరపాటు చేసి త్రుటిలో బయటపడ్డారు. ఆ కబురు యునైటెడ్ లోపలే ఉండిపోయింది. దీని తర్వాత 1976లో అమెరికాలో ఏవియేషన్ సేఫ్టీ రిపోర్టింగ్ సిస్టమ్ మొదలైంది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను తామే రాసి పంపుతారు, పేర్లు తీసేసి మిగతాది అందరికీ అందుబాటులో పెడతారు. దాన్ని నడిపే పని లైసెన్సులు రద్దు చేసే అధికారమున్న విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి ఇవ్వలేదు, నాసాకి ఇచ్చారు. శిక్షించే చేతికి ఎవరూ తమ తప్పును తెచ్చి ఇవ్వరని వాళ్లకు తెలుసు. మన కంపెనీల్లో ఇన్సిడెంట్ రివ్యూ చేసే మేనేజరే రేటింగ్ కూడా ఇస్తాడు. ఈ ఒక్క ఏర్పాటు మార్చకుండా "మాది బ్లేమ్‌లెస్ కల్చర్, ఎవరినీ నిందించం" అని స్లయిడ్‌లో రాసుకుంటే ఉపయోగం లేదు. మా దగ్గర ఇప్పుడు రివ్యూ నడిపేది వేరే టీమ్ మనిషి. రిపోర్టింగ్ మేనేజర్ ఆ గదిలో ఉండరు.

ఇలా అంటే వచ్చే ప్రశ్న

ఈ కేసు చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: అందరినీ ఇలా వదిలేస్తే ఎవరు జాగ్రత్తగా ఉంటారు సర్? అడగాల్సిన ప్రశ్నే. ఆ రాత్రి టీమ్ మెంబర్ 1 తన తప్పును సెకన్లలో గుర్తించి, ఆపి, వెంటనే టీమ్‌కు చెప్పాడు. చెప్పిన మనిషికి నా దగ్గర పూర్తి రక్షణ ఉంటుంది. లాగ్‌లు చెరిపి దాచినవాడికి ఉండదు. వద్దని తెలిసి, సొంత సౌకర్యం కోసం అప్రూవల్ లేకుండా ప్రొడక్షన్‌లో చేయిపెట్టేవాడి సంగతి వేరు, అది హెచ్ఆర్ దగ్గరికి వెళ్లాల్సిన విషయం. ఇన్నేళ్లలో నా ముందుకు వచ్చిన కేసుల్లో అలాంటివి చాలా అరుదు. ఎక్కువమంది అలసిపోయినవాళ్లు, పాత రన్‌బుక్‌ను నమ్మినవాళ్లు, అడగడానికి పక్కన మనిషి లేనివాళ్లు.

బాధ్యత తగ్గుతుందన్నది కూడా నేను ఒప్పుకోను. మా పద్ధతిలో తప్పు జరిగిన మనిషి ఆ కథ మొత్తం తనే రాస్తాడు, టీమ్ అందరికీ తనే చెప్తాడు, సరిదిద్దే పనుల్లో కనీసం ఒకటి తన చేతుల మీదుగా పూర్తి చేస్తాడు. తల దించుకుని "సారీ సర్" అనడం కన్నా అది ఎంతో కష్టమైన పని.

ముందే చేయాల్సిన దయ

ప్రమాదం తర్వాత భుజం తట్టడం అందరికీ కనబడుతుంది. దానికి ముందు చేయాల్సినది ఎవరికీ కనబడదు, దాని ఖర్చు మాత్రం కనబడుతుంది. అందుకే జరగదు. రాత్రి 11కి వెళ్లిపోతానన్న మనిషిని ఎవరో ఒకరు నిజంగా పంపేసి ఉండాల్సింది. గిట్‌ల్యాబ్ రిపోర్టులో నాకు లోటుగా అనిపించేది ఇదే. డిస్క్ వేగం గురించి, వెర్షన్ల గురించి అంత వివరంగా రాసినవాళ్లు, పగలంతా పనిచేసిన మనిషి అర్ధరాత్రి ఒక్కడే ఆ నిర్ణయం తీసుకోవాల్సి రావడాన్ని సరిచేయాల్సిన పనుల్లో ఒకటిగా రాసి ఉంటే బాగుండేది.

మన టీములకు ఇది ఇంకా దగ్గరి విషయం. అమెరికా క్లయింట్ పగలు మన రాత్రి. రాత్రి 3 దాకా ఇన్సిడెంట్ చూసిన మనిషిని ఉదయం 10 గంటల స్టాండప్‌లో "కెమెరా ఆన్ చేయండి" అంటాం. సంక్రాంతికి ఊరెళ్లిన అబ్బాయికి బస్సులో ఉండగా ఫోన్ చేసి హాట్‌స్పాట్ ఆన్ చేయిస్తాం. మేం మార్చినవి చిన్న చిన్నవి. రాత్రి పేజ్ (అత్యవసర పిలుపు) వచ్చి లేచినవాళ్లకు మర్నాడు మధ్యాహ్నం దాకా మీటింగులు ఉండవు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. డేటా తొలగించే ఏ కమాండైనా రాత్రిపూట ఒక్కరే నడపరు, లైన్‌లో ఇంకొకరు ఉండి సర్వర్ పేరు పైకి చదువుతారు. ప్రొడక్షన్ టెర్మినల్ బ్యాక్‌గ్రౌండ్ ముదురు ఎరుపు. డైరెక్టరీ తొలగించే బదులు పేరు మార్చి పక్కన పెట్టడం అలవాటు చేశాం. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో చేసే పని రన్‌బుక్‌ను అక్షరం అక్షరం పాటించి, ఎక్కడ తప్పుదోవ పట్టించిందో రాయడం. పాతవాళ్లకు కనబడని గోతులు వాళ్లకే కనబడతాయి. బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి చూడటానికి నెలకొకరి పేరు రోస్టర్‌లో ఉంటుంది. పేరు రాయాల్సింది అక్కడే, పనికి ముందే అని నా అభిప్రాయం.

ఆర్‌సీఏ ఫారం కూడా మార్చాం. "రూట్ కాజ్" అనే ఒక్క గడి తీసేసి, దాని చోట "ఆ సమయంలో ఏం కనబడింది, దానిబట్టి ఏం చేయడం సబబు అనిపించింది" అని పెట్టాం. "హ్యూమన్ ఎర్రర్" అని రాసి పంపితే ఫారం వెనక్కి వస్తుంది. మొదట్లో లీడ్‌లు గొణిగారు, రాయడానికి ఎక్కువ టైము పడుతోందని. ఇప్పుడు రివ్యూల్లో త్రుటిలో తప్పిన సంఘటనలు కూడా వస్తున్నాయి. వాటిని చెప్పడానికి ఎక్కువగా ముందుకొస్తున్నది ఆడపిల్లలు, కొత్తగా చేరినవాళ్లు. ఇంతకాలం ఎక్కువ భయపడింది కూడా వాళ్లే.

తేలని విషయం ఒకటి మిగిలింది. ఒక క్లయింట్ పంపే ఇన్సిడెంట్ ఫారంలో "బాధ్యుల పేరు" అనే గడి తప్పనిసరి. అందులో మేం టీమ్ పేరు రాసి పంపుతున్నాం, వాళ్లు తిప్పి పంపుతున్నారు. వచ్చే రెన్యువల్‌లో ఆ గడి తీసేయాలని అడగడానికి డెలివరీ మేనేజర్ ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ గడిలో నా పేరు రాయమని చెప్పాను.